డప్పు వదిలారు, గురువును వదలలేదు

ఒంగోలుకు తూర్పున సముద్రపుటొడ్డునున్న కొత్తపట్నం పరిసరాల్లో సాగే బకింగ్‌హాం కాలువకు, తెలుగు నేలపై క్రైస్తవం కుదురుకున్న తీరుకు దగ్గరి సంబంధం ఉంది. 1876-78 నాటి మహాక్షామంలో ఒంగోలు అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఆ కాలువలో కొంత భాగం తవ్వే పనిని గుత్తకు తీసుకొని, ఆకలితో ఉన్న వేలమందికి కూలి దొరికేలా చేశాడు. కూటికోసం మతం పుచ్చుకున్నారన్న మాట రాకుండా ఆ కాలంలో బాప్తిస్మాలు, అంటే నీట ముంచి సంఘంలో చేర్చుకునే సంస్కారాలు, ఆపివేశాడు. అవి మళ్లీ మొదలైనప్పుడు, 1878 జూలై 3న వేలంపల్లి వద్ద గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

అయితే ఈ మార్పుకు బాట వేసినవాడు దొర కాదు, 1866లో బాప్తిస్మం పొందిన మాదిగ సాధకుడు యర్రగుంట్ల పేరయ్య. అంతకుముందే రాజయోగం, అంటే మనసును నిగ్రహించి లోపలి దైవాన్ని వెదికే సాధన, గురుముఖంగా నేర్చిన ఆయన ఊరూరా తిరిగి బోధించగా, విన్నవారికి ఆయన కొత్త మతప్రచారకుడిగా కాక ఎరిగిన గురువుగానే తోచి ఉండాలి. క్లౌ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ 1899లో మాదిగలపై వెలువరించిన గ్రంథం ఈ గురుపరంపరలకు పెద్ద చోటే ఇచ్చింది.

గురువు నిలిచాడు గాని డప్పు నిలవలేదు. గ్రామదేవతల జాతరలో డప్పు కొట్టడం, చచ్చిన గొడ్డు మాంసం తినడం, ఆదివారం పనికి పోవడం మానాలన్నది కొత్త సంఘపు కట్టడి. ఊరి పెద్దలు దీన్ని ధిక్కారంగా చూసి సంఘంలో చేరిన మాదిగలను హింసించారు. నిజానికి ఆ మాదిగలు వదిలినది సంస్కృతి అనడం కంటే వెట్టి అనడమే సబబు. తమదైన దానిలో ఏది ఉంచుకోవాలన్న ఈ చిక్కు ఇక్కడిది మాత్రమే కాదు. మధ్య ఆసియాలో సోవియట్ పాలన అనంతరం క్రైస్తవులైన కిర్గిజులు దేవుణ్ణి తమ మాటలోనే ‘కుదాయ్’ అంటారు, మూడు తీగల కోముజ్ వాద్యంపై స్తుతి పాడతారు.

తెలుగువారికి స్తుతిని సొంత బాణీలోకి తెచ్చే ఆ పని బ్రాహ్మణ కుటుంబం నుంచి వచ్చిన పురుషోత్తమ చౌధరి (1803-1890) కీర్తనలు చేసిపెట్టాయి. పల్లవి, చరణాల కట్టుబడితో, కర్ణాటక సంగీత బాణీల్లో సాగే ఆ పాటలు ఇంగ్లీషు వరుసల అనువాదాల కంటే గాఢంగా నాటుకున్నాయి. ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పుస్తకంలో పాటల తలమీద రాగం, తాళం నేటికీ అచ్చవుతున్నాయి.