అణాకి ఆరు నయాపైసలు

ఆడిటింగంటే కాగితాల మీద టిక్కులు పెట్టడమే కదా తాతయ్యా అన్నావు చూడు, ఆ మాట పట్టుకునే చెబుతాను. ఒరే చిన్నోడా, ఆ కొబ్బరిమట్ట కాస్త లోపలికి నెట్టు, పొగంతా ఇటే వస్తోంది.

మాది చీరాల. మా నాన్నకి మగ్గం తప్ప అక్షరం రాదు. నూలు షావుకారు ఇస్తాడు, నేసిన బట్ట షావుకారుకే వెళుతుంది, మధ్యలో మనకి మజూరీ. ముందు వాడుకున్న బాకీ కోసుకోగా మిగిలిందే ఇంటికి. అమ్మ కండెలు చుట్టేది, అక్క ఆసు పోసేది. వానలకి మగ్గం గుంటలో నీళ్ళు ఊరితే ఆ వారం మజూరీ లేదు, పొయ్యి కూడా అంతంతమాత్రమే.

1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చాయి. అంతకుముందు రూపాయికి పదహారణాలు, కొత్త లెక్కలో వంద నయాపైసలు. మరి అణాకెంత? ఆరుంపావు. పావు నయాపైస ఎవరిస్తారు? అందుకని సర్కారు పట్టిక వేసింది: అణాకి ఆరు, రెండణాలకి పన్నెండు, మూడణాలకి పంతొమ్మిది, పావలాకి ఇరవై అయిదు. మొత్తం కూడి ఒక్కసారి మార్చుకుంటే ఎవరికీ పెద్ద నష్టం లేదు. మా షావుకారు దగ్గర గుమాస్తా అలా మార్చలేదు. మజూరీని అణా అణాగా విడగొట్టి, ఒక్కోదానికి ఆరు చొప్పున కట్టాడు. పదహారార్లు తొంభై ఆరు! రూపాయికి నాలుగు నయాపైసలు మాయం. బాకీ వైపు మాత్రం రూపాయి రూపాయిగానే ఉండేది.

బళ్ళో పదహారో ఎక్కం అప్పజెబుతుంటే నాకది తట్టింది. నాన్నకి చెప్పాను. నాన్న భయపడుతూనే నన్ను తీసుకెళ్ళి అరుగు మీద నిలబెట్టాడు. ఎవడ్రా వీడని షావుకారు నవ్వాడు. గుమాస్తా నవ్వలేదు. పోయిన డబ్బు తిరిగి రాలేదు కానీ, ఆ వారం నుంచి పావలాకి పావలా పడింది.

అంతమాత్రాన ఇల్లు బాగుపడలేదు. స్కూలు ఫైనలు అవగానే నన్ను బట్టలకొట్లో పెట్టారు. చిట్టా రాయడం, ఆవర్జాలోకి ఎత్తడం అక్కడే నేర్చుకున్నాను. శిల్కు లెక్కపెట్టకుండా పుస్తకం మూస్తే ఆ కొట్లో ముసలి గుమాస్తా ఊరుకునేవాడు కాదు. పుస్తకంలో నిల్వ ఎంతున్నా సరే, ముందు గల్లాపెట్టె బోర్లించమనేవాడు. పగలు కొట్టు, రాత్రి చదువు. బీకాం గట్టెక్కేసరికి నా ఈడువాళ్ళకి పిల్లలు పుట్టారు.

సీయే చదవాలంటే ఆర్టికల్స్ చెయ్యాలి. అప్పట్లో చేరేవాడి దగ్గరే ఎదురు డబ్బు తీసుకునే వాడుక ఉండేది. మా దగ్గరేముంది? బెజవాడలో ఒకాయన మాత్రం డబ్బు ఊసెత్తకుండా క్యాష్‌బుక్కు నా ముందుకు తోసి, ఈ పేజీ కూడమన్నాడు. నోటితో గొణక్కుండా, వేళ్ళు మడవకుండా వెరసి చెప్పాను. రేపు రా అన్నాడు. ఆయనిచ్చేది గది అద్దెకి సరిపోయేది. కూటికోసం రాత్రిళ్ళు వన్‌టౌన్ హోల్‌సేల్ కొట్లలో పద్దులు రాసేవాణ్ణి. ఇక పరీక్షలంటావా, ప్రతి పేపరులోనూ నలభై రావాలి, గ్రూపు మొత్తం మీద సగటు యాభై ఉండాలి. అన్నిట్లో నలభై తెచ్చుకుని కూడా తప్పినవాళ్ళెందరో!

సీయే అయ్యాక ఒక ఏప్రిల్‌లో, బ్యాంకు తరఫున ఒక రైస్ మిల్లుకి స్టాకు ఆడిట్‌కి వెళ్ళాను. అప్పుకి తాకట్టు ఆ గోడౌన్లో ధాన్యం. రిజిస్టరు ముత్యాల్లాంటి అక్షరాలతో ఉంది. ఓనరు ఫ్యాను కింద కుర్చీ వేయించి నిమ్మకాయ సోడా తెప్పించాడు. నేను బయటికొచ్చి, చెట్టుకింద బీడీ కాల్చుకుంటున్న హమాలీ పక్కన కూర్చున్నాను. ఏ ఊరు, పిల్లలెందరు, కూలెంత... అలా మాటల్లో, లోపలి వరసలు మోయడం తేలికేనయ్యా అన్నాడు. డెబ్బై అయిదు కిలోల ధాన్యం బస్తా తేలికెలా అవుతుంది? నిట్టు ఎక్కాను. ముందు రెండు వరసల్లో ఇనప గొట్టం గుచ్చితే వడ్లు రాలాయి. వెనక వరసల్లో గుచ్చితే ఊక. ఓనరు సోడా నేను తాగకముందే గ్యాసు పోయింది.

ఆ సంగతి కలిగినింట్లో పుట్టినవాడికి తెలిసేది కాదని నేననను. కానీ వాడు ఫ్యాను కిందే కూర్చునేవాడు. మోసినవాణ్ణి అడగాలని నాకు తోచడానికి చీరాల అరుగే కారణం.

మన హైదరాబాదు సత్యం కంపెనీ గుర్తుందా? మీరప్పుడు పుట్టలేదులే. 2009 జనవరి 7న ఛైర్మన్ రామలింగరాజు తానే ఉత్తరం రాశాడు, పుస్తకాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు అసలు లేవని. బ్యాంకులో ఎంతుందో కంపెనీ చూపించే కాగితంలో చూడకూడదు, బ్యాంకునే నేరుగా అడిగి రాయించుకోవాలి. మా ముసలి గుమాస్తా గల్లాపెట్టె బోర్లించమన్నదీ ఇందుకే. నన్నడిగితే అక్కడ తెలివి తక్కువై జరగలేదు, పెట్టె ఎవరూ బోర్లించక జరిగింది.

ఈ పని నాకు బాగానే పెట్టింది. నాన్న బాకీ ఆయన బతికుండగానే వడ్డీతో తీర్చాను. చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు చేశాను. బెజవాడలో సొంత ఆఫీసు, నా దగ్గర ఆర్టికల్స్ చేసిన పిల్లలు ఇప్పుడు ఎక్కడెక్కడో ఉన్నారు. ఎవరి దగ్గరా ఎదురు డబ్బు తీసుకోలేదు.

2023 కొత్త పద్ధతిలో మీకు ఆర్టికల్స్ రెండేళ్ళే. స్టైపెండు చేర్చుకున్నవాళ్ళే ఇవ్వాలి. కంప్యూటరు కూడి పెడుతుంది. వోచర్లకి టిక్కులు పెట్టమంటే పెట్టు, తప్పులేదు. కానీ గోడౌన్‌కి ఎవరెళతారని అడిగితే మాత్రం నేనెళతానను. ఏప్రిల్ ఎండ, టోపీ మరిచిపోకు.