రెండు తేదీల బిడ్డలు

నేను వైద్యుణ్ణి కాను. వాణిజ్యశాస్త్రం చదువుకుని, ముప్ఫై ఏళ్ళుగా బ్యాంకులో పద్దులు చూస్తూ వస్తున్నవాణ్ణి. అయినా, నెలలు నిండకుండా పుట్టిన పిల్లల కదలికలను వైద్యులు ఎప్పటినుంచి ఎలా పరిశీలిస్తూ వచ్చారో చదివితే ఆ చరిత్ర నాకు పరాయిగా అనిపించలేదు. బ్యాంకులో ఒక పద్దుకు రెండు తేదీలు ఉండవచ్చు. పుస్తకంలోకి ఎక్కిన తేదీ ఒకటి, వడ్డీ లెక్కకు పట్టే తేదీ మరొకటి. ఈ రెండోదాన్ని వాల్యూ డేట్ అంటాము. నెలలు నిండని బిడ్డకూ ఇలాగే రెండు తేదీలున్నాయి. పుట్టిన రోజు, పుట్టవలసిన రోజు. దేనికి ఏ తేదీ పట్టాలో తెలియకపోతే లెక్క తప్పుతుంది. ఆ తప్పుకు వడ్డీ కట్టేది బిడ్డ.

ఈ చరిత్రలో మొదట చెప్పుకోవలసినవాడు విలియం జాన్ లిటిల్ అనే లండన్ వైద్యుడు. చిన్నతనంలో జబ్బు చేసి ఆయన పాదమే వంకర తిరిగింది. జర్మనీ వెళ్ళి శస్త్రచికిత్స చేయించుకుని, తిరిగివచ్చి అదే విద్యను తన దేశంలో నెలకొల్పాడు. కష్టకాన్పు, అకాల జననం, పుట్టగానే ఊపిరాడకపోవడం, వీటికీ తర్వాత కాళ్ళూ చేతులూ బిగుసుకుపోవడానికీ సంబంధం ఉందని 1861లో లండన్ ప్రసూతి వైద్యుల సంఘం ముందు ఒక పత్రం చదివాడు. అందులో షేక్స్పియర్ రాసిన మూడవ రిచర్డ్ నాటకాన్ని ప్రస్తావించాడు. ఆ రాజు వైకల్యాన్ని నెలలు నిండకముందే పుట్టడంతో ముడిపెట్టిన కవి వైద్యులకన్నా ముందున్నాడని ఆయన అభిప్రాయం. సాహిత్య పత్రిక చదివేవాళ్ళకు ఇది సంతోషం కలిగించే సంగతే. లిటిల్ వర్ణించిన ఆ స్థితినే నేడు సెరిబ్రల్ పాల్సీ అంటున్నాము. 1897లో సిగ్మండ్ ఫ్రాయిడ్, ఆయన మనస్తత్వ శాస్త్రంతో పేరు పొందకముందు, ఇదే విషయం మీద పెద్ద గ్రంథం రాసి లిటిల్‌తో విభేదించాడు. కష్టకాన్పు అన్ని వేళలా కారణం కాదనీ, గర్భంలోనే మొదలైన లోపానికి అది ఒక లక్షణం కావచ్చుననీ వాదించాడు.

అయితే ఆ రోజుల్లో నెలలు నిండని బిడ్డ బతకడమే అరుదు. పారిస్‌లో స్టెఫాన్ తార్నియే అనే ప్రసూతి వైద్యుడు జంతుప్రదర్శనశాలలో కోడిగుడ్లు పొదిగించే పెట్టెను చూసి, అలాంటిదే పసిపిల్లలకు చేయించాడు. 1880 ప్రాంతంలో ఆ పెట్టెలు ఆయన ఆసుపత్రికి వచ్చాక, రెండు కిలోలకు తక్కువ బరువుతో పుట్టినవారిలో మరణాలు నూటికి 66 నుంచి 38కి తగ్గాయని 1883లో ప్రకటించారు. బిడ్డ బతికింది, మరి ఎలా ఎదుగుతుంది అన్న ప్రశ్న అప్పటినుంచి బలపడింది.

దానికి ఒక కొలబద్ద ఇచ్చినవాడు అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆర్నాల్డ్ గెసెల్. మెడ నిలపడం, కూర్చోవడం, నడవడం ఏ వయసులో ఏది వస్తుందో వందలమంది పిల్లలను సినిమా తీసి మరీ పట్టికలు వేశాడు. నరాల ఎదుగుదల పుట్టుకతో మొదలుకాదు, గర్భంలోనే మొదలై తన క్రమంలో తాను సాగుతుంది, కాబట్టి ముందుగా పుట్టిన బిడ్డ వయసును ఆ లెక్కనే చూడాలని చెప్పాడు. నేడు సవరించిన వయసు అంటున్నది దీన్నే. లెక్క చాలా సులువు. నిండు గర్భం 40 వారాలు. 30 వారాలకే పుట్టిన బిడ్డ పది వారాలు ముందు వచ్చినట్లు. క్యాలెండరు ప్రకారం ఆరు నెలలు, అంటే 26 వారాలు నిండితే, కదలికల లెక్కకు 16 వారాలే. రెండేళ్ళు వచ్చేదాకా ఈ సవరణ చేస్తారు. టీకాలకు మాత్రం సవరణ లేదు, అవి పుట్టిన తేదీ ప్రకారమే వేయించాలి.

మన దేశానికి వస్తే, బరోడాలో ప్రమీలా ఫాటక్, అమెరికావారి బేలీ పరీక్షను మన పిల్లల మీద ప్రయోగించి మన ప్రమాణాలు తయారుచేశారు. వాటిలోంచి 17 అంశాలు ఏరి, తిరువనంతపురంలో డాక్టర్ ఎం.కె.సి. నాయర్ బృందం 1991లో ఒక పట్టిక ప్రచురించింది. పట్టిక మీద బిడ్డ వయసు దగ్గర ఒక పెన్సిలు నిలువుగా పెడతారు. దానికి ఎడమవైపు పూర్తిగా మిగిలిపోయిన పనుల్లో ఒక్కటి బిడ్డ చేయకపోయినా పెద్ద వైద్యుడికి చూపించాలి. ఖరీదైన సామగ్రి అక్కరలేదు. మా బ్యాంకు పట్టికలు కూడా ఇంత తేలిగ్గా ఉంటే బాగుండునని నాకు అసూయ కలిగింది.

పట్టికలకు ఒక పరిమితి ఉంది. కూర్చోవలసిన వయసు వచ్చి, బిడ్డ కూర్చోకపోతేగాని అవి చెప్పలేవు. వియన్నాలో పుట్టి హాలండ్‌లో పనిచేసిన హైంజ్ ప్రెక్టల్ వేరే దారి పట్టాడు. బిడ్డ ఏమి చేయగలదని పరీక్షించకుండా, ఊరికే పడుకుని ఎలా కదులుతున్నదో చూశాడు. పుట్టవలసిన తేదీ నుంచి మూడు, నాలుగు నెలలప్పుడు ఆరోగ్యంగా ఉన్న బిడ్డ వెల్లకిలా పడుకుని మెడనూ భుజాలనూ మణికట్లనూ నడుమునూ చిన్నచిన్నగా, అన్ని దిక్కులకూ, ఆగకుండా కదిలిస్తుంటుంది. 1997లో లాన్సెట్ పత్రికలో ఆయన బృందం 130 మంది పిల్లల ఫలితాలు ప్రకటించింది. ఆ కదలికలు సవ్యంగా ఉన్న 70 మందిలో 67 మంది నరాల లోపమేదీ లేకుండా ఎదిగారు. లేని, లేదా సవ్యంగా లేని 60 మందిలో 57 మందికి తర్వాత లోపాలు బయటపడ్డాయి. సాధనాలల్లా ఒక వీడియో కెమెరా, తర్ఫీదు పొందిన కన్ను. అంతకుముందు సెరిబ్రల్ పాల్సీని ఒకటి నుంచి రెండేళ్ళ మధ్యగాని నిర్ధారించేవారు కాదు. ఈ పరిశీలననూ, మెదడు స్కానింగునూ, హామర్‌స్మిత్ నరాల పరీక్షనూ కలిపి చూస్తే సవరించిన ఆరు నెలల లోపే చెప్పవచ్చునని 2017లో అయోనా నోవాక్, మరికొందరు నిపుణులు తేల్చారు. పసి మెదడు త్వరగా నేర్చుకునే కాలం అదే గనుక, ఆ నెలలు పోగొట్టుకోకూడదు.

ఇదంతా నేను చదవడానికి కారణం మా చెల్లెలి మనవరాలు. 30 వారాలకే పుట్టింది. ఆరు నెలలకు చూపించడానికి తీసుకువెళ్ళినచోట, ఇంకా కూర్చోవడం లేదే అని పెదవి విరిచారు. ఇంట్లో ఏడుపులు. మరొకచోట రెండు తేదీలూ అడిగిన డాక్టరమ్మ, కూర్చోవడానికి చాలా వ్యవధి ఉందన్నారు. కాని అక్కడే మా చెల్లెలు, "బంగారు కుడిచేయే చాపుతుందమ్మా, ఎడమ పిడికిలి విప్పదు" అంది. కుడిచేతి వాటమని మేమంతా మురిసిపోతున్న సంగతే అది. ఏడాది లోపు ఒకే చేతి వాటం కనిపించడం, సవరించిన నాలుగు నెలలు దాటినా పిడికిలి విప్పకపోవడం వెంటనే చూపించవలసిన గుర్తులని డాక్టరమ్మ చెప్పి, ఆ వారమే వ్యాయామాలు మొదలుపెట్టించారు. సవరించిన వయసు ఒక భయాన్ని తీర్చింది, ఇంకొకదాన్ని వేళకు పట్టి ఇచ్చింది. ఇప్పుడు పిల్ల బడికి వెళ్తోంది. ఎడమచేత్తో జడ పట్టుకోవడం ఇంకా సాధన చేస్తోంది.

మనలాంటివాళ్ళం ఇక్కడ ఒక సంగతి ఆలోచించాలి. ఆసుపత్రిలో ప్రశ్నలు కన్నడంలోనో, తమిళంలోనో, ఒడియాలోనో, మరాఠీలోనో వస్తాయి. కోడళ్ళు జవాబు చెప్పగలరు. కాని పగలంతా బిడ్డను చూసేది నాయనమ్మో, అమ్మమ్మో. ఆమె దగ్గర పొట్టమీద పాకడానికి, మోకాళ్ళమీద దోగాడటానికి, కూర్చుని దేకడానికి వేర్వేరు మాటలున్నాయి. బోర్లాపడితే బొబ్బట్లు, అడుగులకు అరిసెలు అని వేడుకలున్నాయి. వైద్యులు విడివిడిగా గమనించేవీ ఇవే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ఇచ్చిన ప్రమాణాల ప్రకారం ఆరోగ్యవంతులైన పిల్లల్లోనూ నూటికి నలుగురు దోగాడకుండానే నడకకు వెళ్తారు. తోడు లేకుండా నడవడం 8 నెలల నుంచి 17 నెలలు దాటేదాకా ఎప్పుడైనా రావచ్చు. కాబట్టి ఒక వేడుక ఆలస్యమైనంత మాత్రాన గుండె బాదుకోనక్కరలేదు. అలాగని, ఏడో నెల పిల్ల గదా, అదే నడుస్తుందిలే అని కన్ను మూసుకోనూ కూడదు.

2013 ఫిబ్రవరిలో మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద, పుట్టినప్పటినుంచి 18 ఏళ్ళ వరకు పిల్లలను ఉచితంగా పరీక్షించి, అవసరమైతే జిల్లా స్థాయి కేంద్రాలకు పంపే ఏర్పాటుంది. అక్కడికి వెళ్ళేటప్పుడు కార్డు మీద రెండు తేదీలూ రాయించుకుని వెళ్ళండి. ఇంటి పెద్దావిడను కూడా వెంట తీసుకువెళ్ళండి. ఆమె తెలుగులో చెప్పింది చెప్పినట్టు, ఒక్క మాట కూడా తగ్గించకుండా, డాక్టరుకు వాళ్ళ భాషలో వినిపించండి.