విద్యార్థుల సమాచార సేకరణ, గోప్యత: తెలుగు ప్రాంతాల్లో చరిత్ర

బడుల్లో ఎందరు చేరారు, ఎందరు మధ్యలో మానేశారు, చేరినవారు ఏపాటి నేర్చుకున్నారు అన్న వివరాలను ప్రభుత్వమో పరిశోధకులో ఒక పద్ధతి ప్రకారం నమోదు చేయడమే విద్యార్థి సమాచార సేకరణ. ఆ వివరాల వల్ల పిల్లలెవరికీ కీడు జరగకుండా చూసే ఏర్పాట్లన్నీ గోప్యత కిందికి వస్తాయి. తెలుగు ప్రాంతాల్లో సేకరణకు రెండు వందల ఏళ్ల చరిత్ర ఉంది. గోప్యతకు చట్టం తోడైంది మాత్రం నిన్నమొన్ననే. ఈ చరిత్రను వరసగా చూస్తే ఒక సంగతి తేలుతుంది. ఒక బిడ్డ చదువు ఏళ్ల తరబడి ఎలా సాగిందో తెలిస్తే పరిశోధకుడికి చాలు, ఆ బిడ్డ ఎవరో తెలియనక్కర్లేదు. పేరు కావలసింది పరిపాలనకు. ఈ రెండు అవసరాలనూ ఒకే రిజిస్టరుతో తీర్చుకోబోయినప్పుడే చిక్కులు మొదలయ్యాయి.

మన్రో పట్టికలు

1822 జూన్ 25న మద్రాసు గవర్నరు థామస్ మన్రో తన మినిట్‌ (అధికారిక లిఖిత వ్యాఖ్య)లో జిల్లాల్లోని దేశీయ పాఠశాలల లెక్క తీయాలని ప్రతిపాదించాడు. కలెక్టర్లు పంపిన పట్టికల్లో బ్రాహ్మణులు, వైశ్యులు, శూద్రులు, ఇతర కులాలు, ముసల్మానులు అంటూ గడులు ఉండేవి. ఆడ, మగ లెక్కలు విడివిడిగా ఉండేవి. 1826 నాటికి తేలిన మొత్తం 12,498 బడులు, 1,88,650 మంది విద్యార్థులు. అప్పటి బళ్లారి జిల్లాలో నేటి అనంతపురం ప్రాంతం కూడా ఉండేది. అక్కడి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ 1823లో ఇచ్చిన నివేదిక ప్రకారం ఆ జిల్లాలో 533 బడులు ఉంటే వాటిలో 226 తెలుగువి, 235 కన్నడవి. చదివేవారు 6,641 మంది. ఆయన అంకెలతో ఆగలేదు. ఉదయం అందరికంటే ముందు బడికి వచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాస్తారనీ, రెండోవాడికి సున్నా చుడతారనీ, మూడోవాడి నుంచి దెబ్బలు మొదలవుతాయనీ రాశాడు. పిల్లలు పద్యాలు వల్లిస్తున్నారే గాని అర్థం తెలియడం లేదని కూడా గమనించాడు. అంత దగ్గరగా చూసిన ఆ నివేదికకు ఒక్క పిల్లవాడి పేరు కూడా అవసరం కాలేదు. ఇక ఈ పట్టికల లోపం వేరేచోట ఉంది. ఇళ్లలో చదువుకునేవారు లెక్కలోకి సరిగ్గా రాలేదని మన్రోయే ఒప్పుకున్నాడు. బడిలో ఉన్నవారిని ఒకసారి లెక్కపెడితే, బయట ఉన్నవారి సంగతీ తర్వాత మానేసినవారి సంగతీ తెలియవు.

బడి లెక్క నుంచి బిడ్డ లెక్కకు

స్వాతంత్ర్యం తర్వాత 1957లో మొదలైన అఖిల భారత విద్యా సర్వేలు కూడా బడినే లెక్కకు ఆధారం చేసుకున్నాయి. 1994లో జిల్లా ప్రాథమిక విద్యా పథకం వచ్చాక, దానికి తోడుగా జిల్లా స్థాయి సమాచార వ్యవస్థ డైస్ పుట్టింది. ఉన్నత పాఠశాలల లెక్కలను కూడా కలుపుకొని 2012–13లో అది యూడైస్ అయింది. ప్రతి బడికీ 11 అంకెల కోడు, సెప్టెంబరు 30 నాటి హాజరుపట్టీ ప్రకారం లెక్క, ప్రధానోపాధ్యాయుడు నింపే ఫారం: ఇదీ అప్పటి పద్ధతి. ఇందులో ఒకే పిల్లవాడు ప్రభుత్వ బడిలోనూ ప్రైవేటు బడిలోనూ నమోదై ఉంటే ఇద్దరుగా లెక్కకు వచ్చేవాడు. దీనికి విరుగుడుగా 2022–23 నుంచి యూడైస్ ప్లస్ ప్రతి విద్యార్థి వివరాలనూ విడిగా సేకరిస్తోంది. దేశం మొత్తం మీద 2021–22లో సుమారు 26.5 కోట్లుగా ఉన్న నమోదు 2023–24కి సుమారు 24.8 కోట్లకు తగ్గింది. లెక్కించే పద్ధతి మారింది కాబట్టి పాత అంకెలతో పోల్చరాదని కేంద్ర విద్యాశాఖ వివరణ ఇచ్చింది.

ఈ మార్పుతో రిజిస్టరు స్వభావమే మారింది. బడి మారిన పిల్లవాడు కొత్త బడిలో చేర్చుకునేదాకా ‘డ్రాప్‌బాక్స్‌’లో ఉంటాడు. ప్రతి విద్యార్థికీ ఇచ్చే శాశ్వత విద్యా సంఖ్య, అంటే పెన్ నంబరు ఉంటే ఏ బడి నుంచి ఏ బడికి వెళ్లాడో తెలిసిపోతుంది. పేరు, పుట్టిన తేదీ, సామాజిక వర్గం, వైకల్యం, తల్లిదండ్రుల పేర్లు, ఫోను నంబరు, ఆధార్ అన్నీ ఒక్కచోటికి చేరాయి. వీటికి తోడు 2023 నుంచి విద్యార్థి చదువు రికార్డులకు శాశ్వత గుర్తింపుగా 12 అంకెల అపార్ ఐడీ కూడా వచ్చింది.

పేరు లేకుండా వెంబడించినవారు

ఒక్కొక్క బిడ్డనూ వెంబడించే పరిశోధన ఈ రిజిస్టర్ల కంటే ముందే ఆంధ్రప్రదేశ్‌లో జరిగింది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ 300 ప్రభుత్వ గ్రామీణ ప్రాథమిక పాఠశాలల్లో ఒక ప్రయోగం చేశారు. విద్యార్థుల ప్రగతిని బట్టి ఉపాధ్యాయులకు బోనస్ ఇస్తే ఫలితం ఉంటుందా అన్నది ప్రశ్న. రెండేళ్ల తర్వాత బోనస్ ఉన్న బడుల పిల్లలు లెక్కల్లో 0.27, భాషలో 0.17 ప్రామాణిక విచలనాల మేర ముందున్నారని 2011లో ప్రచురించారు. మొదటి పరీక్ష మార్కులనూ చివరి పరీక్ష మార్కులనూ పిల్లవారీగా జతచేయకపోతే ఈ ఫలితం ఇంత గట్టిగా నిలిచేది కాదు. అయినా ప్రచురించిన పత్రంలో కనిపించేవి సగటులే. 2002లో మొదలైన యంగ్ లైవ్స్ అధ్యయనం ఇంకా దూరం వెళ్లింది. నేటి రెండు తెలుగు రాష్ట్రాల్లో సుమారు 3,000 మంది పిల్లలను చిన్నతనం నుంచి యౌవనం దాకా గమనించింది. వారి వివరాలను ప్రపంచ పరిశోధకులకు అందుబాటులో పెట్టినా, పిల్లల పేర్లు తీసేసింది. ఊళ్లకు మారుపేర్లు పెట్టింది.

మారుపేరు పెట్టినంత మాత్రాన సరిపోదన్న అభ్యంతరం ఉంది, అది నిజం కూడా. పదిహేను మంది పిల్లలున్న తండా బడి పట్టికలో ‘మూడో తరగతి, బాలిక, వైకల్యం: 1’ అని ఉంటే, ఆ అమ్మాయి ఎవరో ఊరందరికీ తెలుసు. అందుకే జాగ్రత్తగల గణాంక సంస్థలు మరీ చిన్న అంకెలున్న గడులను ఖాళీగా వదిలేస్తాయి, లేదా పక్క గడితో కలిపేస్తాయి. దీనివల్ల పరిశోధనకు కొంత సూక్ష్మత తగ్గుతుంది. ఆ పాటి నష్టం భరించదగ్గదే.

చట్టం

గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తేల్చింది. బడిలో చేరడానికి ఆధార్ తప్పనిసరి కాకూడదని 2018 సెప్టెంబరులో చెప్పింది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పద్దెనిమిదేళ్లలోపు వారందరినీ పిల్లలుగానే చూసి, తల్లిదండ్రుల అనుమతి కోరుతుంది. పరిశోధనకూ గణాంకాలకూ మినహాయింపు ఇచ్చింది గాని ఒక షరతు పెట్టింది: అలా వాడిన సమాచారంతో ఫలానా వ్యక్తి గురించి నిర్ణయం తీసుకోకూడదు. పరిశోధననూ పరిపాలననూ విడదీసే గీత ఇదే.

ఆ గీత ఎందుకు ముఖ్యమో విశాఖపట్నం ఉదాహరణ చూపుతుంది. బడి మానేసే అవకాశం ఉన్న పిల్లలను కంప్యూటరు అంచనాతో గుర్తించే పద్ధతిని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మైక్రోసాఫ్ట్‌తో కలిసి చేపట్టింది. 2018–19కి ఆ జిల్లాలో అలాంటివారు సుమారు 19,500 మంది ఉన్నట్టు ఆ అంచనా తేల్చింది. పేరు తెలియకపోతే ఆ బిడ్డ ఇంటికి ఎవరు వెళ్లి నచ్చచెబుతారని అడగవచ్చు. నిజమే, అక్కడ పేరు కావాలి. అందుకే దాన్ని పరిశోధన అనకూడదు, పరిపాలన అనాలి. అంచనా తప్పయితే సరిదిద్దే దారి, పని అయ్యాక ‘బడి మానేయవచ్చు’ అన్న ముద్ర చెరిపేసే గడువు, ఎవరు చూశారో తెలిపే రికార్డు దానికి ఉండాలి.

అభ్యంతరాలకు సమాధానం

గోప్యత పేరుతో అడ్డుపడితే బోగస్ నమోదులు మళ్లీ పెరుగుతాయన్నది అధికారుల భయం. కానీ రెండుసార్లు నమోదైనవారిని ఏరివేయడానికి విద్యాశాఖ దగ్గర నంబరు ఉంటే చాలు. పరిశోధకుడికి ఇచ్చేటప్పుడు ఆ నంబరు బదులు వేరే కోడు ఇస్తే, ఏటేటి వివరాలు కలుస్తాయి, పేరు బయటపడదు. తల్లిదండ్రుల సంతకం ఉంది కదా అన్నది మరో వాదన. అదే బడిలో బిడ్డను చదివించుకోవలసిన తల్లి, హెడ్మాస్టరు ముందు పెట్టిన ఫారంపై కాదని చెప్పడం కష్టం. అలాంటి సంతకం అవసరమే గాని రక్షణ మొత్తాన్ని దాని మీద మోపలేం. సర్కారు సర్వర్లో భద్రంగానే ఉంటుందన్న ధీమా కూడా నిలవలేదు. ప్రభుత్వ బోధన యాప్ దీక్షాకు చెందిన సర్వర్ తాళం లేకుండా ఉండిపోయి, పది లక్షలకు పైగా ఉపాధ్యాయుల పేర్లు, ఫోను నంబర్లు, లక్షలాది విద్యార్థుల వివరాలు బయటపడ్డాయని 2023 జనవరిలో వార్తలు వచ్చాయి. ఒక్కచోట పోగుచేసినది ఒక్కసారే పోతుంది.

పోనీ సేకరణే మానేద్దామంటే నష్టపోయేది మళ్లీ పేద పిల్లలే. లెక్కలోకి రాని బిడ్డకు బడి, టీచరు, భోజనం కావాలని అడిగేవారుండరు. కాబట్టి సేకరించాలి, దాంతోపాటు విడదీయాలి. పేరున్న ఫైలు పరిశోధకుడి చేతికి పోకూడదు. పరిశోధన ఫైలు చూసి ఏ బిడ్డపైనా ముద్ర వేయకూడదు. 2023 చట్టానికి నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. వాటిలోని ముఖ్యమైన బాధ్యతల అమలుకు పద్దెనిమిది నెలల గడువు ఉంది. రెండు తెలుగు రాష్ట్రాల విద్యాశాఖలు ఈ గడువులోనే తమ రిజిస్టర్లను ఇలా విడదీసుకోవాలి.