వండర్‌గ్రౌండ్ మ్యాప్

లండన్ భూగర్భ రైల్వే ప్రచారం కోసం 1914లో మెక్‌డొనాల్డ్ గిల్ (1884–1947) గీసిన పోస్టరు పటం. రైల్వే ప్రచారం చూసుకునే ఫ్రాంక్ పిక్ దీన్ని గీయించారు. మధ్యయుగపు పటాల పోకడను గిల్ టికెట్ల అమ్మకానికి మళ్లించారు. పసుపు రంగు వీధులు, వాటి నిండా మనుషులు, వాళ్ల నోటి నుంచి వెలువడే చమత్కారాలు: కొలతల కచ్చితత్వం కన్నా దారినపోయేవారిని నిలబెట్టి చదివించడమే దీని అసలు పని, ఆ పని ఇది అద్భుతంగా చేసింది. స్టేషన్ గోడల మీద చూసి జనం ముచ్చటపడడంతో ప్రతులు అమ్మకానికీ వచ్చాయి. ఇదే బాణీలో 1940లో అంతర్జాతీయ తేయాకు మార్కెట్ విస్తరణ బోర్డుకు గిల్ గీసిన ప్రపంచ పటం, తేనీటి చరిత్రనంతా ఖండాల మీద పరిచి చూపే ప్రకటన.