గమకం నగ కాదు
పాటల పోటీల్లో 'గమకాలు బాగా వేశావమ్మా' అని మెచ్చుకుంటుంటారు, అదేదో పైన కుట్టిన జరీ అన్నట్టు. ఈ వాడుక నాకు మింగుడుపడదు. గమకానికి మూలం 'గమ్' ధాతువు, అంటే వెళ్ళడం. గమనం, గమ్యం, సంగమం దాని చుట్టాలే. సంస్కృతంలో తెలియజెప్పేది, స్ఫురింపజేసేది అనే అర్థమూ ఉంది. పాత తెలుగులో 'గమకించు' అంటే పూనుకోవడం. అదిప్పుడు నిఘంటువులకే మిగిలింది. కన్నడిగులకైతే కావ్యాన్ని రాగయుక్తంగా చదివే కళే గమకం, చదివేవారు గమకి. ఇక సంగీతంలోకి వస్తే, 13వ శతాబ్దంలో శార్ఙ్గదేవుడు 'సంగీతరత్నాకరం'లో వినేవారి మనసుకు సుఖమిచ్చే స్వరకంపనాన్నే గమకమన్నాడు, 15 రకాలు చెప్పాడు. వీణ మీద తోడి రాగంలోని గాంధారం చూడండి. ఎడమచేతి వేళ్ళు మెట్టు మీదే తీగను పక్కకు లాగి వదులుతుంటే స్వరం మధ్యమం వైపు ఊగి వస్తుంది. ఆ ఊపు తీసేసి సూటిగా మీటితే శ్రుతి తప్పదు, తోడి మాత్రం ఉండదు. 'ఇంకాస్త భావంతో వాయించు' అని వీణ నేర్చుకునే పిల్లల్ని ఊరికే అదిలించే బదులు ఆ గాంధారాన్ని గొంతెత్తి పాడి వినిపించాలి. తీగ లాగే వీలులేని ఎలక్ట్రానిక్ కీబోర్డుల్లో చాలావాటికి స్వరాన్ని ఇలా పైకీ కిందికీ జరపడానికే పక్కన విడిగా ఒక చక్రం అమర్చుతున్నారు.