మీటలు, కుండలీకరణములు

బిలాసపురము రైలు పట్టణము. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలమునుండి తెలుగు కుటుంబము లెన్నో ఇచట స్థిరపడినవి. 2003లో ఇది దక్షిణ తూర్పు మధ్య రైల్వేకు ప్రధాన కార్యస్థాన మయినది. ఇట్టి పట్టణమున లెక్క యనగా జీతము, భత్యము, దినములు.

నెలకు 18,000 రూపాయల జీతము, 9,000 రూపాయల భత్యము గల కార్మికునకు 30 దినముల నెలలో 12 దినముల కెంత రావలెను? సామాన్య గణనయంత్రముపై జీతము, భత్యము కూడి, 30చే భాగించి, 12చే గుణించు వరుసలో మీటలు నొక్కినచో 10,800 వచ్చును. అదే వరుస శాస్త్రీయ యంత్రముపై నొక్కినచో 21,600 కనబడును, సరిగా రెట్టింపు! యంత్రము తప్పలేదు. భాగహార గుణకారములు ముందు, సంకలనము పిదప ననునది దాని నియమము. జీతభత్యములను కుండలీకరణములలో నుంచవలసినవాడు మనుష్యుడే.

చేతిలో నిముడు తొలి శాస్త్రీయ గణనయంత్రము హెచ్.పి. 35 (1972)కు కుండలీకరణములే లేవు. అందు సంఖ్యలు ముందు, క్రియాచిహ్నము వెనుక. పోలండు తార్కికుడు వుకాషేవిచ్ 1924లో చిహ్నమును ముందుంచి కల్పించిన పద్ధతికి ఇది విలోమము.

మన పూర్వుల కీ చిక్కు క్రొత్తది కాదు. మహావీరాచార్యుని గణితసారసంగ్రహమును పావులూరి మల్లన తెలుగు చేసెను. ఆ సంప్రదాయపు త్రైరాశికమున ఫలమును ఇచ్ఛతో గుణించి ప్రమాణముతో భాగింతురు. పై లెక్కలో ప్రమాణము 30, ఇచ్ఛ 12. ఫలము 18,000 కాదు, 27,000. ఆ ఫల మేదియో ముందు నిర్ణయించుకొనుటయే కుండలీకరణము. అది తప్పినచో కార్మికుని కూలియే తప్పును.