చిలగడదుంప కార్న్‌బ్రెడ్: ఇంట్లోనే, మన ఇంటి పద్ధతికి తగ్గట్టు

నవంబరు నాలుగో గురువారం థ్యాంక్స్ గివింగ్. ఆఫీసులో పాట్‌లక్ అయినా, పిల్లల స్కూల్లో విందు అయినా, పక్కింటివాళ్లు భోజనానికి పిలిచినా టేబుల్ మీద చిలగడదుంపతో చేసిన వంటకం ఒకటి, కార్న్‌బ్రెడ్ ఒకటి తరచూ కనిపిస్తాయి. రెండూ మాంసం లేనివే కదా అని మనలో శాకాహారులు ధైర్యంగా వడ్డించుకుంటారు. అక్కడే కాస్త ఆగాలి. కొన్ని కార్న్‌బ్రెడ్ మిక్స్ ప్యాకెట్లలో లార్డ్, అంటే పంది కొవ్వు, కలుస్తుంది. లేబుల్ మీద యానిమల్ షార్టెనింగ్ అని ఉన్నా పక్కన పెట్టేయాల్సిందే. దక్షిణాది రాష్ట్రాల్లో పెనానికి బేకన్ కొవ్వు రాయడం పాత అలవాటు. చిలగడదుంప క్యాసరోల్ మీద తెల్లగా పరిచే మార్ష్‌మాలోల్లో మామూలుగా జెలటిన్ ఉంటుంది, అదీ జంతువుల నుంచి తీసేదే. హలాల్ పాటించే తెలుగు కుటుంబాలకూ ఇదే చిక్కు. ఈ రెండు రుచులనూ ఒకే రొట్టెలో కలిపి ఇంట్లో చేసుకుంటే, లోపల ఏముందో ఎవరినీ అడగక్కర్లేదు.

మొక్కజొన్న, చిలగడదుంప రెండూ అమెరికా ఖండాల్లో పుట్టిన పంటలే. అక్కడి ఆదివాసుల మొక్కజొన్న రొట్టెల నుంచి కార్న్‌బ్రెడ్ వచ్చింది. దక్షిణాదిలోని ఆఫ్రికన్ అమెరికన్ల వంటిళ్లలో దానికి, చిలగడదుంపకూ ప్రత్యేకమైన స్థానం ఉంది. వేరుశనగ శాస్త్రవేత్తగా మన పాఠ్యపుస్తకాల్లో చదువుకున్న జార్జ్ వాషింగ్టన్ కార్వర్, అలబామాలోని టస్కెగీ నుంచి చిలగడదుంప మీద కూడా రైతుల కోసం చిన్న పుస్తకాలు రాశారు.

ఇక పేర్ల గందరగోళం. దుంప సంగతే చూడండి: మనలోనే ఒకరు చిలగడదుంప అంటారు, ఒకరు గెనుసుగడ్డ అంటారు, తెలంగాణ వాళ్లు కందగడ్డ అంటారు. కోస్తావాళ్లకు కంద అంటే వేరే దుంప. అమెరికా దుకాణాల్లో నారింజ రంగు గుజ్జున్న చిలగడదుంపకు యామ్ అని బోర్డు పెడతారు. అది నిజమైన యామ్ కాదు, మనకు కావలసిన దుంపే. శివరాత్రి ఉపవాసానికి ఉడకబెట్టుకునే తెల్ల గుజ్జు రకం ఇండియన్ స్టోర్లో దొరికితే అదీ వాడొచ్చు. కాకపోతే పొడిగా ఉంటుంది కాబట్టి రెండు మూడు చెంచాల పాలు ఎక్కువ పడతాయి. ఊదా రంగు దుంప మాత్రం ఈ రొట్టెకు వద్దు. సోడా తగిలితే దాని రంగు నీలంగా, ఆకుపచ్చగా మారిపోతుంది. తినడానికి ప్రమాదమేమీ లేదు గానీ పిల్లలు ముట్టుకోరు.

పిండి దగ్గర పొరపాటు ఇంకా తేలిక. మన ఊళ్లో, బ్రిటన్‌లో కార్న్‌ఫ్లోర్ అంటే సూప్ చిక్కబడటానికి వేసే తెల్లటి గంజిపొడి. దానితో ఈ రొట్టె రాదు. కావలసింది కార్న్‌మీల్: పసుప్పచ్చగా, బొంబాయి రవ్వకీ పిండికీ మధ్యస్థంగా ఉంటుంది. బ్రిటన్‌లో సన్నని పొలెంటా అడగండి. గల్ఫ్‌లో కార్న్‌మీల్ దొరక్కపోతే మక్కీ ఆటా సరిపోతుంది, రొట్టె కాస్త మెత్తగా వస్తుంది. టోర్టిల్లాలకు వాడే మాసా హరీనా సున్నపునీటిలో ఉడికించిన మొక్కజొన్న పిండి, దాని వాసనే వేరు. సెల్ఫ్ రైజింగ్ అని రాసి ఉన్న కార్న్‌మీల్‌లో బేకింగ్ పౌడరు, ఉప్పు ముందే కలిపి ఉంటాయి, మళ్లీ వేయకండి.

కొలతలు 9 అంగుళాల చదరపు పాన్‌కు లేదా 10 అంగుళాల క్యాస్ట్ ఐరన్ పెనానికి ఇవి. కార్న్‌మీల్ 1 కప్పు (150 గ్రాములు), మైదా 1 కప్పు (125 గ్రాములు), మెదిపిన చిలగడదుంప 1 కప్పు (250 గ్రాములు), చక్కెర లేదా బెల్లం పొడి పావు కప్పు, బేకింగ్ పౌడరు 2 టీస్పూన్లు, వంటసోడా అర టీస్పూను, ఉప్పు ముప్పావు టీస్పూను, బటర్‌మిల్క్ 1 కప్పు, గుడ్లు 2, కరిగించిన వెన్న 80 గ్రాములు. దుకాణంలో అమ్మే బటర్‌మిల్క్ చిక్కగా, పుల్లగా ఉంటుంది. మనం చిలికి నీళ్లు పోసుకునే పల్చటి మజ్జిగ దానికి బదులు కాదు. ముప్పావు కప్పు పుల్ల పెరుగులో పావు కప్పు పాలు కలిపితే సరిగ్గా కుదురుతుంది. ఆ పులుపే సోడాతో కలిసి రొట్టెను పొంగిస్తుంది.

దుంపను ఉడకబెట్టకండి, కాల్చండి. ఉడికిస్తే నీరు పీల్చుకుని రొట్టె నడుమ ముద్దగా ఉండిపోతుంది. పైగా దుంప లోపల వేడి నెమ్మదిగా పెరిగేటప్పుడు, సుమారు 135 నుంచి 170 డిగ్రీల ఫారన్‌హీట్ మధ్య, అందులోని ఎంజైములు పిండిపదార్థాన్ని తీపిగా మారుస్తాయి. మైక్రోవేవ్‌లో ఐదు నిమిషాల్లో అయిపోయిన దుంప చప్పగా ఉండటానికి కారణం అదే. తొక్కతోనే, ఫోర్కుతో నాలుగు గాట్లు పెట్టి, 400 డిగ్రీల ఫారన్‌హీట్ (200 సెల్సియస్) ఓవెన్లో 45 నిమిషాల నుంచి గంట ఉంచాలి. ఈ పని ముందు రోజు చేసి ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు. కుక్కర్లో ఉడికించక తప్పకపోతే, మెదిపాక మూకుడులో సన్నటి సెగ మీద నాలుగైదు నిమిషాలు తడి ఆరనివ్వండి.

కార్న్‌మీల్‌ను బటర్‌మిల్క్‌లో 20 నిమిషాలు నాననివ్వండి. తినేటప్పుడు పంటికింద రవ్వ తగలదు. తర్వాత దుంప గుజ్జు, గుడ్లు, చక్కెర, వెన్న అందులో కలపండి. మైదా, సోడా, బేకింగ్ పౌడరు, ఉప్పు విడిగా జల్లించి చివర్లో వేసి, పొడి కనపడనంత వరకే కలపాలి. గారెల పిండిలా బాదితే రొట్టె గట్టిపడుతుంది. ఇనుప పెనం వాడేవాళ్లు దాన్ని ఓవెన్లోనే వేడిచేసి, చెంచాడు నెయ్యి వేసి, చుయ్‌మనేలా పిండి పోయాలి. దిబ్బరొట్టె వేసిన చేతికి ఇది చెప్పనక్కర్లేదు, అడుగున ఎర్రటి పొర కట్టే రహస్యం రెండింటికీ ఒకటే. అదే 400 డిగ్రీల దగ్గర 22 నుంచి 28 నిమిషాలు. నడుమ గుచ్చిన పుల్లకు తడి పిండి అంటకుండా రావాలి. తీశాక పావుగంట ఆగి కోయండి, లేకపోతే పొడి పొడిగా రాలిపోతుంది.

గుడ్డు తినని ఇళ్లకు: మొక్కజొన్నలో గ్లూటెన్ లేదు కాబట్టి గుడ్డు తీసేస్తే పట్టు తగ్గుతుంది. మైదాను ఒకటింపావు కప్పుకు పెంచి, కార్న్‌మీల్‌ను ముప్పావు కప్పుకు తగ్గించండి. రెండు టేబుల్ స్పూన్ల అవిసె గింజల పొడిని ఆరు టేబుల్ స్పూన్ల నీళ్లలో పది నిమిషాలు నానబెట్టి గుడ్ల బదులు వేయండి. కొద్దిగా తక్కువ పొంగుతుంది గానీ దుంప వల్ల మెత్తదనం నిలుస్తుంది.

తీపి ఇష్టం లేకపోతే చక్కెర ఒక టేబుల్ స్పూనుకు దించి పచ్చిమిర్చి, కరివేపాకు, జీలకర్ర వేయండి. నా లెక్కన ఇదే మెరుగు, అల్లం పచ్చడితో బాగా ఇముడుతుంది.

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకు షుగర్ ఉంటే ఒక్క మాట. చిలగడదుంప మంచిదన్న పేరు చూసి రెండు మూడు ముక్కలు పెట్టకండి. పై కొలతలతో తొమ్మిది ముక్కలు కోస్తే ఒక్కోదానిలో దాదాపు 35 గ్రాముల కార్బోహైడ్రేట్లు ఉంటాయి. ఆ పూట అన్నం తగ్గించి, సగం ముక్క చాలు. చక్కెర బదులు తేనె వేసి చేస్తే ఏడాది లోపు పిల్లలకు అసలు పెట్టకూడదు. ఓవెన్ వేడికి తేనెలోని బాట్యులిజం బీజాలు చావవు.

దుంప తేమ వల్ల బయట ఒకటి రెండు రోజులకు మించి ఉంచకండి. ఫ్రిజ్‌లో నాలుగైదు రోజులు, ముక్కలు విడివిడిగా చుట్టి ఫ్రీజర్‌లో పెడితే రెండు నెలలు ఉంటుంది. చల్లటి ముక్కను ఓవెన్లో కన్నా పెనం మీద నెయ్యి వేసి రెండు వైపులా కాల్చుకుంటే బాగుంటుంది.